పెళ్లి లేని సన్నాయి

"నాదస్వరం ఎప్పుడైనా విన్నారా?" అని సింగరాయకొండ స్టేషన్ రోడ్డులో ఏ కొట్టు ముందు నిలబడి అడిగినా, అడిగినవాణ్ణే ఎగాదిగా చూస్తారు. వినకపోవడమేమిటి? ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాల దగ్గర పొద్దున్నే మొదలయ్యేది అదేగా! వరాహ లక్ష్మీనరసింహస్వామి ఊరేగింపులో దేవుడికి ముందు నడిచేదీ అదేగా!

ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి. "కిందటి పెళ్లిలో సన్నాయి ఆయన ఏం వాయించాడు?"

ఇక్కడ నోరు పెగలదు. సాంబారులో ఉప్పెక్కువైన సంగతి గుర్తుంటుంది. భోజనాల దగ్గర కుర్చీ దొరక్క నిలబడ్డ సంగతి గుర్తుంటుంది. పురోహితుడు "గట్టిమేళం!" అని కేకేయడం, అందరూ లేచి అక్షింతలు విసరడం గుర్తుంటుంది. వాయించినాయన ముఖం గుర్తుండదు, వాయించిన రాగం అసలే గుర్తుండదు. రెండు గంటలు చెవి పక్కనే మోగినదాంట్లో మనకు అందింది ఒక్క కబురు: తాళి కడుతున్నారు, లేవండి.

ఒక గొప్ప విద్వాంసుడి రికార్డులను జీవితంలో మొదటిసారి వినడం ఎలా అన్నది ఈ అధ్యాయం విషయం. బొత్తిగా ఎరగని సంగీతాన్ని వినడం తేలికే. అక్కడ చెవి తనంతట తనే నిక్కబొడుచుకుంటుంది. తెలుసనుకున్నదాన్ని వినడమే కష్టం. అందుకే ఉదాహరణగా మనకు బాగా తెలుసనుకునే వాయిద్యాన్నీ, మన పక్క ఊరి మనిషినీ తీసుకుంటున్నాను.

సంగీతం సైగగా మారితే

మన ఇళ్లలో మూడు రకాల సంగీతం మూడు పనులకు కుదిరిపోయింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం 1963లో ఎల్పీ రికార్డుగా వచ్చింది. ఇవాళ అది తెల్లారిందని చెప్పే గుర్తు. టీ కొట్టు తెరిచారని, పాల ప్యాకెట్లు వచ్చాయని దాని అర్థం. సన్నాయి పెళ్లికి గుర్తు. ఇక ఘంటసాల గారి భగవద్గీత సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మైకులో అది వినబడగానే వీధిలో వాళ్లు "ఎవరు పోయారు?" అని అడుగుతారు. ఇంట్లో ఊరికే పెట్టుకుంటే పెద్దవాళ్లు కసురుకుంటారు: "శుభమా అంటూ ఆ పాటలేమిట్రా, తీసెయ్!"

ఆ రికార్డు 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూసిన తరవాత విడుదలైంది. శ్లోకాన్ని రాగంలో పాడి, వెంటనే తాత్పర్యాన్ని మామూలు తెలుగు మాటల్లో చెబుతారు ఆయన. పాడే గొంతుకూ చెప్పే గొంతుకూ మధ్య మారేదేమిటి? ఒక శ్లోకానికీ తరవాతి శ్లోకానికీ రాగం ఎక్కడ మారింది? వందసార్లు విన్నవాళ్లను అడగండి, చెప్పలేరు. శవం ఇంట్లో ఉన్నప్పుడు రాగం మీద ధ్యాస పెట్టేవాడు ఉండడు, ఉండకూడదు కూడా. తప్పు వినేవాళ్లది కాదు. ఆ రికార్డుకు మనం ఇచ్చిన ఉద్యోగం అలాంటిది.

ఒక ధ్వనికి ఒక పని అంటగట్టామంటే కబురు అందగానే చెవి తలుపు మూసుకుంటుంది. కాబట్టి మొదటి పని ఆ ధ్వనిని దాని పని నుంచి విడదీయడం. పెళ్లి లేని రోజున సన్నాయి వినాలి. ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్న రోజున ఘంటసాల గీత వినాలి. సుప్రభాతం ఒకసారి సాయంత్రం పూట వినాలి. వింతగా ఉంటుంది. ఉండనివ్వండి. ఆ వింతలోనే చెవి మేలుకుంటుంది.

కరవది నుంచి శ్రీరంగం దాకా

సింగరాయకొండలో ప్యాసింజరు ఎక్కితే టంగుటూరు, ఒంగోలు దాటాక కరవది వస్తుంది. షేక్ చిన మౌలానా సాహెబ్ అక్కడ 1924 మే 12న పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో ఏర్పడింది. కరవది అప్పుడు గుంటూరు జిల్లాలోది. తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వాళ్లది. తండ్రి కాశిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి కుటుంబాలు చాలానే ఉండేవి. గుడి ముందు, పెళ్లి పందిట్లో, పల్లకీ ముందు వాయించేది వాళ్లే.

ఇక్కడిదాకా చాలామంది విద్వాంసుల కథ ఇలాగే ఉంటుంది. ఆ తరవాత ఆయన చేసింది మనకు కావాలి. వాయిద్యం చేతికొచ్చిన మనిషి, పుట్టినప్పటినుంచీ ఇంట్లో నాదస్వరం వింటూ పెరిగిన మనిషి, తంజావూరు బాణీ మీద మనసుపడి మళ్లీ శిష్యుడయ్యారు. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్‌లో రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర చేరారు. "నాకు తెలిసిన సన్నాయేగా" అనుకోలేదు. తనకు బాగా తెలిసినదాన్ని ఇంకొకళ్ల దగ్గర మొదటినుంచి విన్నారు.

తరవాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకు నేర్పారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చింది. 1999 ఏప్రిల్ 13న కన్నుమూశారు. మనవలు కాశిం, బాబు ఆ వాయిద్యాన్ని అందుకున్నారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

మన దగ్గర నుంచి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో పుట్టిన మనిషిని తమిళనాడు నెత్తిన పెట్టుకుంది. ఇందులో బాధపడాల్సింది లేదు. ఇన్నాళ్లూ వినలేదని సిగ్గుపడాల్సిందీ లేదు. ఆయన రికార్డులు ఉన్నాయి, మీ చేతిలో ఫోను ఉంది, రాత్రి కొట్టు కట్టేశాక అరగంట తీరిక ఉంది. అది చాలు.

మనకు మనం చెప్పుకునే నాలుగు మాటలు

వినడం మొదలుపెట్టకుండా ఆపేవి ఈ నాలుగే.

*"నాకు రాగాలు తెలియవు."* తెలుసు. పేర్లు తెలియవు, అంతే. మాయాబజార్ (1957)లో వెన్నెల్లో పడవ మీద సాగే పాట కూనిరాగం తీయగలిగితే మోహన రాగం మీ గొంతులో ఉన్నట్టే. ఎక్కడైనా ఒక స్వరం పక్కకు జరిగితే "ఇక్కడ తప్పావు" అని మీ ఇంట్లో చిన్నపిల్ల కూడా చెబుతుంది. అది రాగజ్ఞానం కాక మరేమిటి?

*"అంత గొప్పవాణ్ణి వినే అర్హత నాకెక్కడిది?"* బిరుదులు ముందు చదివి, రికార్డు తరవాత పెట్టేవాళ్లకు వచ్చే జబ్బు ఇది. గొప్పగా లేదని అనిపిస్తే తమదే లోపం అనుకుంటారు. గొప్పగా ఉందని అనిపించకపోయినా తలాడిస్తారు. రెండూ వినడం కాదు. ఆయన జీవితం పైన రాశాను కదా, ఇక దాన్ని పక్కన పెట్టేయండి. రికార్డు మోగుతున్నంతసేపు ఆయన పద్మశ్రీ కాదు, కరవది కాశిం సాహెబ్ గారబ్బాయి.

*"చెవులు హోరెత్తిపోతాయి."* ఇది నిజమైన ఇబ్బంది. నాదస్వరం నాలుగు గోడల మధ్య వాయించడానికి పుట్టలేదు. గుడి మాడవీధుల్లో, ఊరేగింపులో, నాలుగు వీధులకు వినబడాలి. ఆ వాయిద్యాన్ని మైకు ముందు పెట్టి రికార్డు చేసి, దాన్ని ఫోనులో చెవి దగ్గర పెట్టుకుంటే కీచుమంటుంది. డోలు మోత ఫోను స్పీకరులో సగం చచ్చిపోతుంది. మందు చిన్నదే. చిన్న స్పీకరు ఒకటి తెచ్చుకుని, దాన్ని వసారాలో పెట్టి, మీరు నడవలో కూర్చోండి. సౌండు తగ్గించండి. దూరం నుంచి వినాల్సిన వాయిద్యాన్ని దూరం నుంచే వినండి.

*"టైము లేదు."* రీల్సు చూసే టైములోంచి తీయండి. ఇంతకన్నా దీని గురించి మాట్లాడుకోవడం కూడా టైము దండగే.

ఒక పూటకు ఒక వైపు

ఫోనులో ఒక విద్వాంసుడి పేరు కొడితే గంటల కొద్దీ రికార్డింగులు వరస కడతాయి. ఇది వరమూ, ఆపదా. ఒకదాని తరవాత ఒకటి మోగిపోతుంటే రెండో రోజుకల్లా అది మళ్లీ పెళ్లి సన్నాయే అయిపోతుంది.

పాత రికార్డుల కాలంలో ఈ బెడద లేదు. 78 వేగం ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు దాటితే గొప్ప. ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాల పైన మోగేది. క్యాసెట్టు ఒక వైపు సాధారణంగా అరగంట. వైపు అయిపోగానే ప్లేటు ఆగేది, మనిషి లేచి తిప్పాలి. ఆ లేవడంలో ఒక ఆలోచన ఉండేది: ఇంకో వైపు వినాలా, ఇదే మళ్లీ పెట్టాలా?

ఆ నియమాన్ని మీరే పెట్టుకోండి. ఒక పూటకు ఒక్క అంశం. అది పదిహేను నిమిషాలైనా సరే, ఇరవై అయిదైనా సరే. అయిపోగానే ఆపేయండి. మర్నాడు కొత్తది వెతక్కండి, అదే పెట్టండి. మూడు రోజులు అదే.

అమెరికాలో మైల్స్ డేవిస్ 1959లో తెచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బంలో ఉన్నవి అయిదే అంశాలు. జాజ్ సంగీతం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్ల చేతికి అరవై ఏళ్లు దాటినా ముందుగా అదే అందిస్తుంటారు. అయిదు అంశాలతో ఒక మనిషి లోకానికంతా పరిచయం కాగలిగినప్పుడు మనకు వంద వీడియోల జాబితా ఎందుకు?

దగ్గరగా వినడం

అంశం ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. ముందు రాగాలాపన ఉండి, తరవాత కీర్తన ఉన్నది తీసుకోండి. తుకడాలతో, అంటే చిన్న చిన్న తేలిక అంశాలతో, మొదలుపెట్టొద్దు. ఇక మోగించండి.

మొదటి రోజు ఒక్కటే పని: ఊపిరి వినండి. అడుగున ఒక స్వరం ఎడతెగకుండా మోగుతుంటుంది. అది శ్రుతి. దాని మీద నాదస్వరం వస్తుంది, కొంత దూరం వెళ్తుంది, ఆగుతుంది. ఎందుకాగింది? మనిషి గాలి పీల్చుకోవాలి. వీణ వాయించేవాడికి ఈ బాధ లేదు, వయొలినుకు లేదు. ఇక్కడ మాత్రం వాక్యం ఎంత పొడుగుండాలో ఛాతీ చెబుతుంది. మామూలు వాద్యకారుడు గాలి అయిపోయిన చోట ఆగుతాడు. విద్వాంసుడు మాట పూర్తయిన చోట ఆగుతాడు. ఈ రెంటికీ తేడా పట్టుకోవడానికి సంగీత పాఠాలు అక్కర్లేదు. ఎవరైనా మాట్లాడుతూ మధ్యలో ఆయాసపడితే మీకు తెలియడం లేదూ?

రెండో రోజు స్వరాల మధ్య జారుడు వినండి. నాదస్వరానికి వేళ్లు పెట్టేవి ఏడు రంధ్రాలు. కింద ఉన్న మరో అయిదూ వేళ్లకు కాదు, మైనంతో మూసి శ్రుతి సరిచూసుకోవడానికి. హార్మోనియం మెట్లలాగా ప్రతి స్వరానికీ ఒక చోటు లేదు. ఒకే రంధ్రం మీద వేలును సగం తెరిచి, నోట్లోని రెల్లు ముక్క మీద పెదవి బిగించి, గాలి పెంచి తగ్గించి, పక్క పక్క స్వరాలు పుట్టించాలి. మీరు వింటున్న ప్రతి వంపూ పెదవీ, వేలూ, ఊపిరీ కలిసి అప్పటికప్పుడు తీర్చింది. ఒక చోట స్వరం నిలబడి ఊగుతుంది, ఇంకో చోట కిందినుంచి పాకి పైకి చేరుతుంది. ఏ స్వరం దగ్గర ఆయన ఎక్కువసేపు ఉన్నాడో చూడండి. రాగానికి ప్రాణం చాలాసార్లు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఆలాపన జరుగుతున్నంతసేపు తాళం ఉండదు. అందుకే కొత్తవాళ్లకు "ఎప్పుడు మొదలవుతుంది?" అనిపిస్తుంది. మొదలైపోయింది! ఆయన రాగాన్ని కింది స్థాయిలో పరిచయం చేసి, మెల్లగా మధ్య స్థాయికి వచ్చి, పై షడ్జం, అంటే పై స్థాయి 'స', చేరేదాకా మిమ్మల్ని ఊరిస్తున్నాడు. ఆ పై షడ్జం వచ్చిన క్షణం మీకే తెలుస్తుంది. గడియారం చూసి దాని టైము రాసుకోండి. మర్నాడు అదే రికార్డు పెట్టినప్పుడు ఆ క్షణం కోసం ఎదురుచూస్తారు. సంగీతంలో ఎదురుచూడటం మొదలైందంటే మీరు శ్రోత అయ్యారన్నమాటే.

మూడో రోజు కీర్తన వినండి. ఇక్కడ తెలుగువాడికి ఒక లాభం ఉంది. కర్ణాటక కచేరీల్లో వాయించే కీర్తనల్లో పెద్ద వాటా త్యాగరాజువి, వాటిలో చాలావాటి మాటలు తెలుగు. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మన కంభం వైపు ఊరేననీ, పూర్వీకులు అక్కణ్ణుంచే తంజావూరు సీమకు వలస వెళ్లారనీ చెబుతారు. ఆ ఊరి వంశంలో పుట్టినాయన కావేరి ఒడ్డున తెలుగులో రాశాడు. కరవదిలో పుట్టినాయన అదే కావేరి సీమకు వెళ్లి వాటిని వాయించే బాణీ నేర్చుకున్నాడు. వాయిద్యానికి మాటలు పలకవు కదా అనుకోకండి. నాదస్వరం కీర్తన వాయించేవాళ్లు సాహిత్యం విరుపులను నాలుకతో, ఊపిరితో పలికిస్తారు. కీర్తన పేరు తెలుసుకుని, సాహిత్యం ముందు ఒకసారి పైకి చదివి, ఆ కాగితం ముందు పెట్టుకుని వినండి. పల్లవి ఎక్కడ తిరిగి వస్తోందో వేలితో చూపించగలుగుతారు.

అదే రోజు డోలు వినండి. ఒక వైపు కర్రతో, ఇంకో వైపు తొడుగులు వేసుకున్న వేళ్లతో వాయిస్తారు. పెళ్లిలో మీకు తెలిసిన డోలు ఉరుములదే. కచేరీలో అది కీర్తన వెంట తగ్గి నడవడం, ఎడం దొరికిన చోట చిన్న మాట వేయడం చూస్తే, ఇన్నాళ్లూ ఈ మనిషిని అక్షింతల కోసమే పిలిచామా అనిపిస్తుంది.

ఇదంతా చదివి "మా వల్ల కాదు" అనుకునేవాళ్లకు ఒక మాట. టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్ల ముందు నడిచే కొనుగోలుదారుణ్ణి చూసే ఉంటారు. కొత్తవాడికి అన్నీ పసుపుపచ్చ ఆకులే. అతను మాత్రం ఒక ఆకు లాగి, వెలుతురుకు పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి, అరనిమిషంలో రేటు చెబుతాడు. ఆకును అమ్మే రైతుకూ ఆ తేడాలు తెలుసు. ఇద్దరికీ ఎవరూ పుస్తకం ఇవ్వలేదు. ఒకే వస్తువును మళ్లీ మళ్లీ పట్టి చూశారు, తేడా వేళ్లకు అబ్బింది. చెవికి అబ్బేదీ అలాగే.

పక్కపక్కన పెట్టి వినండి

ఒక విద్వాంసుడు అర్థం కావాలంటే ఇంకొకణ్ణి పక్కన పెట్టాలి. మూడు రోజులు చిన మౌలానా గారిని విన్నాక ఈ వరసలో వెళ్లండి.

ముందు కారుకురిచ్చి అరుణాచలం. 1962లో వచ్చిన తమిళ చిత్రం 'కొంజుం సలంగై' తెలుగులో 'మురిపించే మువ్వలు'. అందులో ఎస్. జానకి గారి గొంతూ, ఆయన నాదస్వరమూ పోటాపోటీగా నడిచే పాట తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆభేరి రాగం. ఒకసారి గొంతును మాత్రమే పట్టుకుని వినండి, రెండోసారి నాదస్వరాన్ని మాత్రమే. గుంటూరు జిల్లా ఆడపడుచు జానకి ఎక్కడ సన్నాయిని అనుకరించిందో, సన్నాయి ఎక్కడ గొంతును అనుకరించిందో రాసుకోండి. మాటలున్న చోటునుంచి మాటల్లేని చోటుకు నడిపించే మంచి మెట్టు ఇది.

తరవాత అరుణాచలం గారి గురువు టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956). ఆయన తోడి రాగాలాపన రికార్డు నాదస్వరం వినేవాళ్లందరికీ తెలిసిందే. శబ్దం పాతది, గరగర ఉంటుంది. మొదటి నిమిషం దాటితే అది వినబడటం మానేస్తుంది. తోడి కష్టమైన రాగం. అర్థం కాకపోతే కంగారు పడొద్దు, నెల తరవాత మళ్లీ రండి. ఆ తరవాత చిన మౌలానా గారి తోడి దొరికితే పెట్టండి. ఎవరు గొప్ప అన్న తీర్పు ఇవ్వకండి. ఎవరు తొందరగా పైకి వెళ్లారు, ఎవరు కిందే తచ్చాడారు అన్నది మాత్రం చూడండి.

చివరగా కాశీ వెళ్లండి. బిస్మిల్లా ఖాన్ షెహనాయి వినండి. షెహనాయి కూడా పెళ్లిళ్లకూ గుళ్లకూ కుదిరిపోయిన వాయిద్యమే. దాన్ని కచేరీ వేదిక మీద కూర్చోబెట్టిన ఘనత ఆయనది. 2001లో భారతరత్న ఇచ్చారు. కాశీలో ఆయన, శ్రీరంగంలో మన కరవది సాహెబ్, ఇద్దరూ గుడి నీడన వాయించిన ముస్లిములు. ఇద్దరి వాయిద్యాన్నీ జనం శుభకార్యాల చప్పుడుగా ఎరుగుదురు. నాదస్వరం ఛాతీ విరుచుకుని వస్తుంది. షెహనాయి పొట్టిది, మెత్తగా పలుకుతుంది. రెండూ ఒకే సాయంత్రం వింటే ఏది ఏదో ఇక ఎప్పటికీ పొరబడరు.

మనుషుల దగ్గరికి వెళ్లండి

రికార్డు సగమే నేర్పుతుంది. మిగతా సగం మీ చుట్టుపక్కలే ఉంది. ఈసారి పెళ్లికి వెళ్లినప్పుడు మేళం వాళ్లు టీ తాగే వేళ చూసి దగ్గరికి వెళ్లండి.

"గురువు గారూ, ఇందాక వాయించింది మోహనేనాండీ?"

"మోహనే బాబూ. మీరు నేర్చుకున్నారా?"

"లేదండీ, ఈమధ్యే వింటున్నా. నోట్లో పెట్టుకునేది ఒకసారి చూపిస్తారా?"

ఇంతే చాలు. రాగం పేరు తప్పు చెప్పినా నష్టం లేదు, ఆయన సరిదిద్దుతాడు. రెల్లు ముక్కను తడిపి ఎలా పదును పెట్టుకుంటాడో, సూదితో ఎలా సవరించుకుంటాడో చూపిస్తాడు. ఊదేటప్పుడు బుగ్గలు, మెడ నరాలు చూడండి. ఫోనులో విన్న ఊపిరి ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది.

మీ ఇంట్లోనే పెళ్లి ఉంటే ఇంకో పని చేయవచ్చు. ముహూర్తానికి ముందు ఒక అరగంట డీజే పెట్టెలు ఆపించి, మేళం వాళ్లను వేదిక పక్కన కూర్చోబెట్టి, మంచి మైకు ఇచ్చి, "మీకిష్టమైన రాగం తీరిగ్గా వాయించండి" అనండి. బేరమాడిన దానికి పైన ఆ అరగంటకు విడిగా డబ్బివ్వండి. పెన్ డ్రైవులో సన్నాయి మోగించే పెళ్లిళ్లు పెరిగాక ఆ మాట వాళ్లతో అనేవాళ్లు తగ్గిపోయారు. చుట్టాల్లో నలుగురైనా మాటలు ఆపి అటు తిరుగుతారు. తిరగకపోయినా మీరు వింటారు.

చేయకూడనివి

రికార్డు పెట్టగానే రాగం పేరు వెతక్కండి. పేరు దొరకగానే పని అయిపోయిందని చెవి అనుకుంటుంది. రెండుసార్లు విని, మీకు తెలిసిన ఏ సినిమా పాటకు దగ్గరగా ఉందో ఊహించి, అప్పుడు చూడండి.

విన్న రోజే వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. "అద్భుతం" అని పదిమంది బొమ్మలు పంపుతారు. మీకు నిజంగా ఏమనిపించిందో ఆ బొమ్మల్లో కలిసిపోతుంది. వారం ఆగి, ఒక్క మనిషికి పంపి, ఏ నిమిషం దగ్గర వినాలో రాయండి.

నచ్చకపోతే నచ్చలేదని ఒప్పుకోండి. కానీ ఏం నచ్చలేదో చెప్పగలగాలి. "బోరు" అనడం జవాబు కాదు. "ఆలాపన మధ్యలో నాకు దారి తప్పింది" అనడం జవాబు. అలా చెప్పగలిగినవాడు సగం దారి నడిచినట్టే.

ఈ నెల పని

1. మొదటి వారం: చిన మౌలానా గారిది ఆలాపన, కీర్తన ఉన్న ఒకే అంశం. మొదటి రోజు ఊపిరి, రెండో రోజు జారుళ్లు, మూడో రోజు కీర్తన, డోలు. తక్కిన రోజుల్లో ఏ పనీ పెట్టుకోకుండా వినండి.

2. రెండో వారం: అరుణాచలం, జానకి గార్ల ఆభేరి. తరవాత రాజరత్నం పిళ్లై తోడి.

3. మూడో వారం: ఘంటసాల భగవద్గీత ఒక వైపు, మామూలు రోజు ఉదయం. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, గొడవ ఉండదు. పాడిన గొంతుకూ, తాత్పర్యం చెప్పిన గొంతుకూ తేడా ఒక వాక్యంలో రాయండి.

4. నాలుగో వారం: మొదటి వారం విన్న అంశమే మళ్లీ. అప్పుడు రాసుకున్నదాని పక్కన ఇప్పుడు వినబడినది రాయండి. రెండూ ఒకటే అయితే ఇంకో వారం వినండి.

నెల తిరిగాక తరవాతి పేరు ఎంచుకోండి. పేరు మాత్రమే తెలిసి, రికార్డు ఎప్పుడూ పూర్తిగా వినని తెలుగు విద్వాంసులు మనకు తక్కువేమీ లేరు: వయొలిన్‌లో ద్వారం వెంకటస్వామి నాయుడు, వీణలో ఈమని శంకరశాస్త్రి, గానంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, మాండొలిన్‌లో పాలకొల్లు శ్రీనివాస్. ఎవరి పేరు చెబితే మీ నోట "ఆ, ఆయన నాకు తెలుసు" అని ముందుగా వస్తుందో వారితోనే మొదలుపెట్టండి. ఒక్కరినే తీసుకోండి. మిగతావాళ్లు పై నెల దాకా ఆగుతారు.